పైడితల్లమ్మ పండగనాడు మా పాత మారుతికి కాపలా కాసినవాళ్లకి

మొన్న సిరిమానోత్సవం మంగళవారం నాడు, విజయనగరంలో అయ్యకోనేరు పక్క సందులో పెట్టిన మా మారుతి 800 అద్దం ఎవరో పగలగొట్టారు. తెలిసినవాళ్లంతా ఫోన్ చేసి ఏమైందని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేకపోతున్నాను. అదీకాక, సాయం చేసినవాళ్లకి నలుగురిలో దణ్ణం పెట్టాలని ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

కారు 2004 మోడల్. నెల్లిమర్ల జూట్ మిల్లులో రిటైరయ్యాక నాన్న కొన్న మొదటి కారు, చివరి కారు కూడా అదే. పదిహేనేళ్లు నిండాక 2019లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాం, మళ్లీ 2024లో చేయించాం. ఈలోపు 600 ఉన్న ఫీజు 5,000 అయి కూర్చుంది. అమ్మేయమని చెప్పనివాడు పాపాత్ముడు. నాన్న పోయాక ఆ స్టీరింగు వేరేవాళ్ల చేతిలో పెట్టడానికి అమ్మకి మనసొప్పలేదు, నాకూ అంతే.

ఆ రోజు అమ్మని తీసుకుని మధ్యాహ్నమే బయల్దేరాను. అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి దగ్గరకి కారు వెళ్లే ప్రశ్నే లేదు కాబట్టి సందులో పెట్టి నడిచాం. పూజారి కూర్చున్న పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం కళ్లారా చూసి, వానలో తడుస్తూ వచ్చేసరికి ఏడు దాటింది. దూరం నుంచే కారు ఎడమ తలుపు మీద నీలం టార్పాలిన్ పట్టా ఒకటి కనిపించింది. పక్కనే తాటాకు గొడుగంత గొడుగు కింద, శనగల బుట్ట ముందు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"మీ కారేనా బావూ? అద్దం ఫట్‌మని సప్పుడైనాది. నేను లేచి సూసేసరికి ఆడు ఎల్లిపోనాడు. వానొస్తంది, సీట్లు తడిసిపోతాయని పట్టా కప్పీసేను."

ఆ పట్టా ఆవిడ బుట్ట మీద ఉండాల్సింది. శనగలు సగం నానిపోయాయి. నాలుగింటి నుంచి అక్కడే ఉందట. జాతరలో అమ్ముకునే ఒక్క రోజు అది, జనం ఉన్న వైపు వెళ్లకుండా ఎవరిదో తెలియని కారు దగ్గర కూర్చుండిపోయింది. నేను ఐదొందలు తీస్తే చేత్తో తోసేసింది. "డబ్బులేటి బావూ, అమ్మోరి పండగనాడు! కావాలంతే రెండు పొట్లాలు కొనుక్కో." కొన్నాను. ఇరవై రూపాయలు తీసుకుని, యాభైకి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. అప్పా (మా వైపు అక్కని ఇలాగే పిలుస్తాం), నీ పేరు కూడా అడగలేదు నేను. గరివిడి వైపు నుంచి వచ్చానన్నావు, అంతే గుర్తుంది.

లోపల చూస్తే స్టీరియో లేదు, వైర్లు కత్తిరించి ఉన్నాయి. ముందు డ్రైవరు తలుపు తాళంలో స్క్రూడ్రైవర్ తిప్పి చూసినట్టున్నాడు, అది రాక అటువైపు అద్దం కొట్టాడు. వెనక సీట్లో పెట్టిన అమ్మ సంచి పోయింది. అందులో స్వెట్టరు, బీపీ మాత్రలు, కళ్లజోడు ఉన్నాయి. డ్యాష్‌బోర్డు అరలోంచి ఒరిజినల్ ఆర్‌సీ కూడా పోయింది. నాకున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. సొంత బండికి జరిగిన నష్టానికి అందులో పైసా రాదు.

బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ బాబు పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నాడు. అయినా విసుక్కోకుండా వచ్చి చూసి, స్టేషన్లో ఫిర్యాదు రాయించాడు. ఆ కాపీ లేకపోతే డూప్లికేట్ ఆర్‌సీకి ఫారం 26 పెట్టడం కుదరదు. ఆయనకి వేల దణ్ణాలు. ఆర్‌సీ డిజిలాకర్‌లో ఉంటే చాలని, అది చెల్లుతుందని స్కూల్లో పిల్లలకి చెప్పే నేనే ఒరిజినల్ కార్లో పెట్టుకు తిరిగాను. ఏం మాస్టార్నో ఏమిటో.

మర్నాడు మా మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లాను. 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, అద్దం దొరుకుతుందో లేదోనని నా టెన్షన్. ఆయన మాత్రం, "అద్దం సంగతి తర్వాత మాస్టారూ, ముందు తలుపు కడుపు కడగాలి" అన్నాడు. తలుపు లోపలి వైపు అట్ట, అదే డోర్ ప్యాడ్, దాని క్లిప్పులు ఒక్కోటీ ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ షీటు చిరక్కుండా పక్కకి తీసి, టార్చిలైటు వేసి చూపించాడు. తలుపు అడుగున పటికబెల్లం ముక్కల్లా గాజు పోగుపడి ఉంది. పక్క అద్దాలు అలాగే చిన్న పలుకులైపోతాయి. ముందద్దం అయితే రెండు గాజుల మధ్య ఉన్న పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది. తలుపు అడుగున సన్నటి బెజ్జాలుంటాయి. వానకి అద్దం పక్క నుంచి లోపలికి దిగిన నీళ్లు వాటి గుండా బయటికి పోవాలి. గాజు వాటిని మూసేస్తే నీళ్లు నిలిచిపోయి తలుపు లోపలి నుంచే తుప్పు పడుతుంది. పైకి పెయింటు ఉబ్బి మనకి తెలిసేసరికి అడుగు జల్లెడైపోయి ఉంటుంది. ఆయన బ్లోయరుతో, పాత టూత్‌బ్రష్షుతో గంటన్నర కూర్చున్నాడు. అద్దం జారే రబ్బరు గాడిలో ఇరుక్కున్న పలుకుల్ని సూదితో తీశాడు. అవి ఉండిపోతే కొత్త అద్దం మొదటిసారి దించినప్పుడే గీతలు పడతాయట. ప్లాస్టిక్ షీటు మళ్లీ అతికించకపోతే తడి తగిలి ప్యాడ్ ఉబ్బిపోతుందని అదీ జాగ్రత్తగా అంటించాడు. నేనైతే పైపైన ఊడ్చి అద్దం వేయించేసేవాణ్ణి.

అద్దం విశాఖ స్క్రాప్ షాపులో దొరికింది. మెకానిక్ బావమరిది వెతికి, పాత చీరలో చుట్టి ఆర్టీసీ కార్గోలో పంపాడు. బావమరిదిగారూ, మీకూ మీ ఇంట్లో ఆ చీర కట్టుకున్నవారికీ కృతజ్ఞతలు.

ఇక గంటస్తంభం దగ్గర తాళాల తాత. కొత్త లాక్ వేస్తే దాని తాళంచెవి వేరే వస్తుంది, ఇంటికో చెవి బండికో చెవి అన్నట్టు తలుపుకో చెవి మోయాలి. ఆయన లాక్‌లో చెవి దూరే బ్యారెల్ విప్పి, లోపలి సన్నటి రేకుల్ని నా పాత తాళంచెవికి సరిపోయేలా మార్చి అమర్చాడు. అప్పుడే నా తాళంచెవిని గోరుతో తడిమి నవ్వాడు. ఇరవై ఏళ్లలో పళ్లు అరిగిపోయాయి, లోపలి రేకులూ అరిగాయి, ఇలాంటి తాళం వేరే చెవితోనూ తిరుగుతుంది అన్నాడు. అరిగిన చెవిని చూసి నకలు కోస్తే అరుగుదల కూడా నకలవుతుందని, లాక్ కొలతలు పట్టి కొత్తది కోసిచ్చాడు. పాత బళ్లున్నవాళ్లు ఒకసారి ఈ సంగతి చూసుకోండి.

మా పిన్ని కొడుకు ఆటో వైరింగు చేస్తాడు. తెగిన వైర్లన్నీ అతికి, ఇంజనుకి పెట్రోలు పంపే పంపుకి కరెంటు ఆపేసే కటాఫ్ స్విచ్ ఒకటి, రిలేతో, ఫ్యూజుతో పెట్టాడు. ఎక్కడ పెట్టాడో ఇక్కడ రాయను! గేర్ లాక్ కూడా బిగించాం. తమ్ముడూ, కూలి తీసుకోలేదు నువ్వు, సంక్రాంతికి చెబుతాను నీ సంగతి. కానీ ఇవన్నీ కారు ఎత్తుకుపోకుండా ఆపుతాయి తప్ప అద్దాన్ని కాపాడవు. బయటికి కనిపించే సంచి ఒకటి చాలు వాడికి. అందుకే స్టీరియో మళ్లీ కొనలేదు. బండి ఆపినప్పుడు డ్యాష్‌బోర్డు అర ఖాళీ అని తెలిసేలా తెరిచే పెడుతున్నాను. చీకటి సందు బదులు దూరమైనా వీధిదీపం కింద పెడుతున్నాను.

మొత్తం మూడు వేల నాలుగొందలైంది. అమ్మ కళ్లజోడు అదనం.

ఒక పని మిగిలిపోయింది. ఆ రాత్రి హడావుడిలో అప్ప పట్టా మాతోనే వచ్చేసింది. ఆదివారం మళ్లీ ఆ సందుకి వెళ్లాను, కనిపించలేదు. గరివిడి, చీపురుపల్లి వైపు జాతరల్లో శనగలమ్మే పెద్దావిడ మీకు కనిపిస్తే, నీలం పట్టా మాస్టారి దగ్గర భద్రంగా ఉందని చెప్పండి. ఉతికి ఆరేసి మడతపెట్టాను. కార్లో కాదు లెండి, ఇంట్లోనే ఉంది.