తొలి పికోలో కొనేముందు

సంపాదకులకు,

పంద్రాగస్టు కవాతు కోసం అనంతపురం బడులు పికోలో, అంటే ఫ్లూట్ కన్నా చిన్నదీ కీచుగా పలికేదీ అయిన ఊదే వాయిద్యం కొనాలనుకుంటే, ముందు దాని ఒంటి సంగతి చూడాలి. కట్టెది నాదంలో మేలే గానీ మన పొడి ఎండకు పగిలే ప్రమాదం ఎక్కువ. మైదానంలో వాయించే పిల్లలకు ప్లాస్టిక్ ఒంటిదే నయం. పెదవి ఆనించే పట్టీ ఉంటే ఫ్లూట్ నేర్చిన చేతికి తొందరగా కుదురుతుంది. ఫ్లూట్ బొత్తిగా రాని పిల్లకు పికోలో ఇవ్వడం మాత్రం తొందరపాటే.

కొట్లోనే పరీక్షించండి. సన్నని కాగితపు ముక్కను మీట కింది మెత్తకూ అది మూసే రంధ్రానికీ మధ్య పెట్టి, మీటను తేలిగ్గా మూసి మెల్లగా లాగాలి. చుట్టూ ఒకే బిగువు ఉండాలి. ఒక పక్క జారితే అక్కడ గాలి పోతున్నట్టే, మంద్ర స్వరాలు పలకవు. పాపం, పిల్లలేమో తప్పు తమదేననుకుని మీటలు గట్టిగా నొక్కుతారు. తుడిచే కడ్డీని ఊదే రంధ్రం ఉన్న తలభాగంలోకి తోస్తే కడ్డీ మీది గీత ఆ రంధ్రం నడిమికి రావాలి. రాకుంటే లోపలి బిరడా జరిగినట్టు.

ఎండలో శ్రుతి పైకి పోతుంది, తలభాగాన్ని కాస్త బయటికి లాగితే దిగుతుంది. గదిలో సాధనకు చెవుల్లో బిరడాలు తప్పనిసరి.

– ఒక బ్యాండ్ శిక్షకుడు, అనంతపురం