కొన్నాను బావా!

డెన్వర్,
ఆదివారం రాత్రి

బావా,

జవాబు రాయడం చాలా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఆఫీసులో రిలీజు, ఇంట్లో అందరికీ జలుబు, అమ్మ వీసా పని ఇంకా సగంలోనే ఉంది. అందరం బాగానే ఉన్నాం. ఇక అసలు సంగతి.

స్కీలు కొన్నానురా, మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే పొడుగాటి పలకలు! అద్దెవి కాదు, సొంతవి. అవీ పార్క్ స్కీలు. కిందటేడు కీస్టోన్ అనే స్కీ కొండ ఫోటోలు పంపాను కదా, మంచులో ఇనప రెయిల్స్, పొడుగాటి బాక్సులు, చిన్న జంపులు కట్టి ఉంటాయి చూడు, టెర్రైన్ పార్క్ అంటారు. పిల్లలు వాటి మీద జారుతూ, గాల్లో తిరుగుతూ వెనక్కి దిగుతుంటే చూశాక నాకు వేరే ధ్యాస లేదు.

కొత్తవాటి ధర మనకు అందదు. అందుకే నిన్న ఒక బడి జిమ్‌లో పాత స్కీల అమ్మకం ఉందంటే పొద్దున్నే వెళ్లాను. మొదట ఒక జత కనిపించింది. తళతళా మెరిసిపోతోంది, ధర కూడా తక్కువే. అప్పుడు నీ గోరు పరీక్ష గుర్తొచ్చింది! గుడివాడలో పాత బండి చూడ్డానికెళ్లి దాని సైలెన్సర్ కింద నువ్వు గోరు పెట్టినప్పుడు, అమ్మే పెద్దాయన మొహం... సరే, అలాగే స్కీ అంచు పొడవునా గోరు పోనిచ్చాను. సరిగ్గా పాదం కిందకు వచ్చేచోట గోరు చిక్కుకుంది. అక్కడ రిపేర్లు చేసే ఒకాయన దగ్గరకు పిలిచి చూపించాడు. రెయిల్ దెబ్బంతా పాదం కిందే పడుతుందట. సన్నటి గీతలాంటి పగులు ఒకటో రెండో ఉన్నా నడుస్తుంది, కానీ స్టీలు అంచు లోపలికి నొక్కుకుపోయినా, పక్క పొర ఊడుతున్నా ముట్టుకోవద్దన్నాడు. ఆ జతకు రెండూ ఉన్నాయి! పైగా బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, మరీ పాతది. ఏయే మోడల్ బైండింగులకు కంపెనీ ఇంకా బాధ్యత తీసుకుంటుందో జాబితా ఉంటుంది, అందులో లేనిదాన్ని షాపువాళ్లు మన బూటుకు సర్దిపెట్టరు. అప్పుడు కొత్త బైండింగ్ కొనాలి, చవక కాస్తా పోతుంది.

చివరికి లైన్ కంపెనీ హనీ బ్యాడ్జర్ దొరికింది. నడుము దగ్గర, అంటే మధ్యలో సన్నగా ఉండేచోట, వెడల్పు 92 మిల్లీమీటర్లు, మెత్తగా వంగుతుంది. నేర్చుకునేవాడికి మెత్తదనమే కావాలి బావా. బరువు కాస్త అటూ ఇటూ అయినా ఆ స్కీ ఓర్చుకుంటుంది, గట్టిది పెద్ద జంపులు చేసేవాళ్లకు. నిలబెడితే నా ముక్కు దాకా వస్తుంది. ఇంకా పొడుగైతే తిప్పడం కష్టం. రెండు చివరలూ పైకి తిరిగి ఉంటాయి, ట్విన్ టిప్, అందుకే వెనక్కి కూడా జారొచ్చు. 1998లో సాలమన్ కంపెనీ ‘టెన్ ఎయిటీ’ స్కీ ఇలాగే వచ్చిందట. మైక్ డగ్లస్ అనే స్కీ ఆటగాడు, ఆయన తోటి కెనడా కుర్రాళ్లు కావాలని అడిగి చేయించుకున్నారు. 1080 అంటే గాల్లో మూడు పూర్తి చుట్లు! నాకు ప్రస్తుతం బాక్స్ మీద నేరుగా జారితే చాలు.

మోకాళ్ల సంగతి అడుగుతావని తెలుసు. నాకూ టెన్షన్‌గానే ఉంది, నిజం. అమ్మకు మాత్రం చెప్పకు. పార్కులో బోర్డుల మీద ఎస్, ఎమ్, ఎల్ అని సైజులు రాసి ఉంటాయి, నేను ఎస్ దాటను. పాదం కింద అంచులు కాస్త అరగదీయించాను, రెయిల్ మీద పట్టుకోకుండా. కాకపోతే గడ్డకట్టిన వాలులో పట్టు తగ్గుతుంది, దానికి సిద్ధపడ్డాను.

మిగిలిన డబ్బంతా బూట్లకే. స్కీ పాతదైనా ఫరవాలేదు కానీ బూటు పాదానికి అతికినట్టుండాలి, హెల్మెట్ కొత్తదే ఉండాలి. ఇంకో శుభవార్త, ఊళ్లోనే రూబీ హిల్ పార్కులో చలికాలం రెయిల్స్ పెడతారు. టికెట్ లేదు! లిఫ్ట్ ఉండదు, స్కీలు భుజాన వేసుకుని మళ్లీ మళ్లీ గుట్టెక్కడమే. జనవరిలో నువ్వు వస్తానన్నావు కదా, అప్పుడు మనిద్దరం...

అయ్యో, పాప లేచింది, ఏడుస్తోంది. బైండింగ్ ఎందుకు మధ్యకు జరిపించానో వచ్చే ఉత్తరంలో రాస్తాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఉంటాను.

నీ
బావ