ప్రభుత్వ పేజీల అడ్రస్‌లు జనం చదవగలిగేలా ఉండాలి: ఒడిశా ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడ చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు, ఉద్యోగ నోటిఫికేషన్లు, పింఛను దరఖాస్తులు, రోజంతా ఇవే పనులు. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఒక్కో పేజీకి పెడుతున్న అడ్రస్ గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. బ్రౌజర్‌లో పైన కనిపించే ఆ ఒక్క వరుసను మంత్రి గారు పట్టించుకోవాలా అని ఎవరైనా అనవచ్చు. పట్టించుకోవాలి. శాఖకొక పద్ధతి, కాంట్రాక్టరుకొక పద్ధతి నడుస్తున్నప్పుడు అందరికీ ఒకే నియమం పెట్టగలిగేది మీరే.

ఈమధ్య ఒక శాఖ వెబ్‌సైట్‌ను కొత్తగా తయారుచేశారు. చూడటానికి బాగుంది, ఫోన్‌లోనూ తొందరగా తెరుచుకుంటోంది. కానీ అంతకుముందు మేము జనానికి వాట్సాప్‌లో పంపిన లింకుల్లో ఏది నొక్కినా హోం పేజీయే వస్తోంది. దరఖాస్తు ఫారం లింకు నొక్కినా అదే, అర్హతల లింకు నొక్కినా అదే. కాశీనగర్ నుంచి, గుమ్మ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు "మొన్నటిదాకా ఫోన్‌లోనే వచ్చింది కదండీ, ఇప్పుడేమైంది?" అని అడుగుతున్నారు. వాళ్లు ఒక పూట కూలి వదులుకుని వస్తున్నారు.

సైట్ మార్చడం తప్పు కాదు. పాత అడ్రస్‌లను గాలికొదిలేయడం తప్పు. ఇల్లు మారేటప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రస్ ఇచ్చి వెళితే ఉత్తరాలు అక్కడికే వస్తాయి కదా, వెబ్‌లో ఆ పని చేసేదాన్ని 301 రీడైరెక్ట్ అంటారు. ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారిందని సర్వరే చెబుతుంది. లింకు నొక్కినవాళ్లు సరైన పేజీకి చేరతారు, గూగుల్ కూడా పాత అడ్రస్‌కు ఉన్న గుర్తింపును కొత్తదానికి ఇస్తుంది. అయితే ఏ పేజీ దారి ఆ పేజీకే చూపించాలి. పాతవన్నీ కలిపి హోం పేజీకి పంపిస్తే గూగుల్ సాధారణంగా ఆ పేజీలు లేనట్టే లెక్కవేస్తుంది. దీనికి సాఫ్ట్ 404 అని పేరు. కొత్త సైట్ చేసేవాళ్లు తరచుగా ఎంచుకునే సులువు దారి ఇదే. అది మనుషులకూ పనికిరాదు, సెర్చ్‌కూ పనికిరాదు.

ఇలాంటి రీడైరెక్ట్‌లను కనీసం ఒక ఏడాది ఉంచమని గూగుల్ సలహా ఇస్తుంది. ప్రభుత్వ పేజీలకు ఏడాది ఏ మూలకూ చాలదు. భూమి తగాదాలు, ఉద్యోగ నియామకాల కేసులు ఎన్నేళ్లు నడుస్తాయో మీకు తెలుసు. ఆ కాగితాల్లో అచ్చయిన వెబ్ అడ్రస్ అన్నేళ్లూ పనిచేయాలి. అంగన్‌వాడీ గోడ మీద రంగుతో రాసిన అడ్రస్‌ను ఎవరూ మళ్లీ వచ్చి దిద్దరు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ మంచి అడ్రస్ మారకూడదని 1998లోనే రాశారు. అన్నీ తెలిసిన సాంకేతిక సిబ్బంది మనకున్నారు, చేయమని చెప్పేవాళ్లే కావాలి.

ఇక అడ్రస్ ఎలా ఉండాలన్న సంగతి. చాలా పేజీలకు ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ, ప్రశ్న గుర్తు, ఐడీ, ఈక్వల్ గుర్తు, ఒక నాలుగంకెల సంఖ్య, మళ్లీ ఇంకో గుర్తు, ఇంకో సంఖ్య, ఇలా ఉంటుంది అడ్రస్. దీన్ని ఫోన్‌లో ఒక ముసలాయనకు చదివి చెప్పడం ఎలా? అదే మహిళలకు నగదు సాయం ఇచ్చే సుభద్ర పథకం అడ్రస్ చూడండి: సుభద్ర డాట్ ఒడిశా డాట్ గవ్ డాట్ ఇన్. 2024 సెప్టెంబరు 17న పథకం మొదలయ్యాక మా సెంటర్‌కు వచ్చే ఆడవాళ్లు దాన్ని ఒకరికొకరు నోటితోనే చెప్పుకున్నారు. చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసి దొంగ సైటును పట్టుకోవడం కూడా నేర్చుకున్నారు. సైట్ పేరుకు చేసిన ఆ మేలు లోపలి పేజీలకూ చేయండి. గవ్ డాట్ ఇన్ తర్వాత ఒక ఏటవాలు గీత (స్లాష్), స్కాలర్‌షిప్ అనే మాట, ఇంకో ఏటవాలు గీత, పోస్ట్-మెట్రిక్ అనే మాట. అంతే చాలు.

ఇలాంటి అడ్రస్ పెట్టగానే గూగుల్‌లో మొదటి స్థానానికి వచ్చేస్తామని ఏ కాంట్రాక్టరైనా చెబితే నమ్మకండి. అడ్రస్‌లోని మాటలకు ర్యాంకింగ్‌లో ఉన్న బలం చాలా తక్కువ. పేజీ శీర్షిక, లోపలి సమాచారం అంతకన్నా ముఖ్యం. కానీ అడ్రస్‌లు చిందరవందరగా ఉంటే జరిగే నష్టం పెద్దది. ఒకే నోటీసు హోం పేజీ నుంచి వెళితే ఒక అడ్రస్‌తో, జిల్లా మెనూ నుంచి వెళితే ఇంకో అడ్రస్‌తో, ప్రింట్ బటన్ నొక్కితే మూడో అడ్రస్‌తో తెరుచుకుంటుంది. కొన్ని సైట్లలో చూసేవాళ్లు ఒక్కొక్కరికీ ఒక సెషన్ నంబర్ అడ్రస్ చివర తగులుకుంటుంది. సెర్చ్ కోసం పేజీలను చదువుతూ తిరిగే గూగుల్ రోబో అనే ప్రోగ్రామ్‌కు ఇవన్నీ వేర్వేరు పేజీల్లా కనిపిస్తాయి. వాటి చుట్టూ తిరిగి తిరిగి ఈరోజు పెట్టిన నోటీసు దగ్గరికి ఎప్పటికో వస్తుంది. ఈలోగా యూట్యూబ్ వీడియోలు, ప్రకటనలతో నిండిన ప్రైవేటు సైట్లు ముందుకొచ్చేస్తాయి. వాటిలో గడువు తేదీ తప్పుగా ఉన్నా పిల్లలు దాన్నే నమ్ముతారు, తర్వాత టెన్షన్ పడతారు. ఇన్ని అడ్రస్‌లలో అసలైనది ఇదీ అని చెప్పడానికి 2009 నుంచి కెనానికల్ ట్యాగ్ ఉంది. పేజీ కోడ్‌లో అది ఒక్క వరుస మాత్రమే.

మాటల మధ్య హైఫన్ ఉండాలి. అండర్‌స్కోర్ పెడితే లింకు కింద వచ్చే గీతలో కలిసిపోతుంది. ఖాళీ వదిలితే వాట్సాప్‌లో లింకు అక్కడికే తెగిపోతుంది. అన్నీ చిన్న అక్షరాలే వాడాలి, ఎందుకంటే చాలా సర్వర్లు పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ వేర్వేరుగా చూస్తాయి. పీడీఎఫ్‌ల పేర్లు కూడా మార్చాలి. స్కానర్ ఇచ్చిన నంబరుతోనే నోటీసును ఎక్కించేస్తున్నారు. ఫోన్‌లో అలాంటివి నాలుగు చేరితే ఏది దేనిదో తెరిచి చూస్తే గానీ తెలియదు.

మా సరిహద్దు జిల్లాలకు ఊళ్ల పేర్లతో ఇంకో చిక్కు ఉంది. మా ఊరిని ఇంగ్లీషులో కొందరు పార్లాకిమిడి అని, కొందరు పరలాఖెముండి అని రాస్తారు. బరంపురం ఒకచోట బెర్హంపూర్, ఇంకోచోట బ్రహ్మపూర్. కొరాపుట్ జిల్లా జయపురం కోసం వెతికితే రాజస్థాన్ జైపూర్ ఎదురవుతుంది. రాయగడ ఒక జిల్లా, మా గజపతి జిల్లాలో ఒక బ్లాక్ పేరు కూడా రాయగడే. అందుకే అడ్రస్‌లో ముందు జిల్లా, తర్వాత బ్లాక్ రావాలి. ఏ ఊరికి ఏ స్పెల్లింగ్ వాడాలో అన్ని శాఖలకూ ఒకే జాబితా ఇవ్వండి. మిగతా రూపాలను పేజీ లోపల రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతాయి.

అడ్రస్‌లు తెలుగు అక్షరాల్లో పెట్టమని నేను అడగడం లేదు. ఒడియా అక్షరాల్లో పెట్టినా ఇదే ఇబ్బంది. మన లిపుల్లోని ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు కంప్యూటర్‌లో 3 బైట్లు తీసుకుంటుంది. లింకును కాపీ చేసినప్పుడు ఒక్కో బైటు పర్సంట్ గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. "తెలుగు" అన్న చిన్న మాట అలా 54 అక్షరాల పొడవు సాగుతుంది. అలాంటి లింకు వాట్సాప్‌లో వస్తే మోసమనుకుని తీసేస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పటి నుంచి మా ఊరు ఈ రాష్ట్రంలోనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్ కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు, మూడూ మాకు అలవాటే. అడ్రస్ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండనివ్వండి. పేజీ లోపలి విషయం మాత్రం ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వండి. తెలుగు పేజీకి సొంత అడ్రస్ ఉండాలి. బటన్ నొక్కితే భాష మారి అడ్రస్ అదే ఉండిపోతే ఆ తెలుగు పేజీ సెర్చ్‌లోకి రాదు, తెలుగులో వెతికే మా అమ్మలకు అది దొరకదు.

తుపాను సమయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూశాం. తిత్లీ వానలకు మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. హెచ్చరికలు, షెల్టర్ల వివరాలకు జిల్లాకు ఒక్కటే అడ్రస్ ఉండాలి, ఏ తుపాను వచ్చినా అదే. కొత్త సమాచారం ఎప్పుడూ అక్కడే పెట్టాలి, పాతదాన్ని సంవత్సరం పేరుతో వేరే పేజీకి మార్చాలి. ప్రతి తుపానుకూ కొత్త నంబర్‌తో పేజీ పెడితే, పాత లింకు పట్టుకున్న మనిషి కిందటిసారి షెల్టర్ల జాబితా చూసి పరిగెత్తే ప్రమాదం ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు తెచ్చింది. 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. ఒడిశా ఇంకో అడుగు ముందుకేసి, వెబ్‌సైట్ల టెండర్లలోనే ఒక షరతు పెట్టాలని కోరుతున్నాను. కొత్త సైట్ తెరిచే ముందు పాత అడ్రస్‌ల జాబితా, ఒక్కోదాని ఎదురుగా కొత్త అడ్రస్ రాసి ఇవ్వాలి. వాటిని పరీక్షించి చూశాకే ఆఖరి బిల్లు చెల్లించాలి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల సైట్లతో దీన్ని మొదలుపెట్టవచ్చు. జనం వాడుతున్న పాత లింకులు మాలాంటి సెంటర్ల ఫోన్లలో ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా అన్నీ ఒకచోట చేర్చి ఇస్తాం.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు