రంగు లేని రోడ్డును నమ్మకు మామా

అరేయ్ మామా,

ముందుగాల తప్పు ఒప్పుకుంటున్న. దసరా అయినంక నువ్వు పెట్టిన మెసేజ్‌కు ఇప్పుడు రాస్తున్న, నడుమ దీపావళి పోయింది, సంక్రాంతి కూడ పోయింది. రాద్దాం రాద్దాం అనుకునుడే, కూసోనికె టైమ్ దొరకలే. కోపం పెట్టుకోకు. నువ్వు అడిగింది ఒక్క మాటే కద, కారు తీసుకుంటున్న, షోరూమాయన పై మోడల్ తీసుకోమంటుండు, అండ్ల న్యావిగేషన్ లోపల్నే వస్తదట, తీసుకోనా లేకపోతే ఫోన్ సాలా అని. అప్పుడే జవాబిస్తే ఏదో ఒకటి అనేద్దును. ఇప్పుడైతే కండ్లతోని చూసి చెప్తున్న.

ఇంటి సంగతులు జల్ది చెప్పేస్త. అమ్మకు మోకాళ్ళు కొంచెం నయం. నాయిన పొలం కౌలుకిచ్చిండు, ఇచ్చినా రోజూ పొద్దుగాల పోయి ఒడ్డు మీద నిలబడి వస్తడు. చిన్నోడు రెండో తరగతి. ఆరో నంబర్ సమోసా బండి ఇంక ఉంది, నీ బాకీ కూడ ఉంది. సాలు, అసలు సంగతికి వస్త, వారం సంది ఇది నీకు చెప్పకుంటే నాకు నిద్ర పడ్తలేదు.

చెల్లె దోహాల నర్సు పని చేస్తది కద, పండుగకు వచ్చి పోయింది. సంక్రాంతి అయిన ఆదివారం రాత్రి 10 గంటలకు శంషాబాద్‌ల ఫ్లైటు. ఏడింటికి లోపల ఉండాలె. నల్లగొండ నుంచి మామూలు రోజైతే రెండున్నర గంటల బాట, మేము రెండింటికే బయల్దేరినం, ఐదు గంటలు చేతిల ఉన్నయని ధీమా. బావ కారు, బావే నడుపుతుండు, నేను ముందట, ఎనుక అమ్మ, చెల్లె, అమ్మ ఒళ్ళె సకినాల డబ్బా. సూట్‌కేసుల పట్టలే అది.

బావ సంగతి నీకు తెలుసు, కారంటే ప్రాణం. ఎక్కంగనే ఆ పెద్ద స్క్రీన్ మీద శంషాబాద్ అని కొట్టిండు. సక్కటి నీలం గీత పడ్డది, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుడు. 4:35కు చేరుతరు అని చూపెట్టింది. నేను ఫోన్ తీయబోతే బావ "కారుల ఇంత పెద్దది ఉంటే అదెందుకురా, ఛార్జింగ్ దాచుకో" అన్నడు. పెద్దోడు, డ్రైవింగ్ సీట్ల ఉన్నడు, నేను సప్పుడు చెయ్యలే.

నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కినం. పది నిమిషాలు మంచిగనే పోయినం. చిట్యాల ఇంక రాకముందే బ్రేక్ లైట్లు మామా, కనుచూపు మేర ఎర్రగ. పండుగ చేసుకోని పట్నం తిరిగి పోయేటోళ్ళు అందరు ఆ ఒక్క 65 నంబర్ హైవే మీదనే, విజయవాడ దిక్కు నుంచి వచ్చే కార్లన్నీ పంతంగి టోల్ దగ్గరికే రావాలె. ఫాస్టాగ్ ఉన్నా ఆ మూడు నాలుగు రోజులు అక్కడ లైను తప్పదు, మనకు తెల్వంది కాదు. కాని మా కారు స్క్రీన్ మీద ఏమన్న కనబడితే కద! అదే నీలం గీత, కడిగిన పలక లెక్క. బావ "ముందట యాక్సిడెంట్ ఏమో, క్లియర్ అయితది, ఇండ్ల ట్రాఫిక్ ఏం చూపిస్తలేదు" అంటుండు.

ఇగ ఇక్కడ నేను ఒకటి కనిపెట్టిన, అదే నీకు చెప్పాలనుకున్నది. ఆ చేరే టైమ్ మీద కన్నేసిన. పావుగంట ఆగితే 4:50 అయింది. ఇంకో పావుగంట నత్తనడక నడిస్తే 5:05. అంటే మనం ఎంత ఆగితే అంత కలుపుకుంట పోతుంది, అంతే, ముందట ఏముందో దానికి ఎరుకే లేదు! నా కడుపుల దేవినట్టయింది. అప్పుడే ఎనుక నుంచి చెల్లె, మెల్లగ, "అన్నా, నా ఫోన్ల పంతంగి దాక మొత్తం నల్లెరుపు ఉంది, 7:40 అంటుంది" అన్నది. అమ్మ సకినాల డబ్బా మూత తీసుడు పెట్టుడు, తీసుడు పెట్టుడు. ఆ టక్ టక్ సప్పుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉంది.

బావ నమ్మలే. "రెండూ శాటిలైట్ నుంచే కద వచ్చేది, ఇదొకటి అదొకటి ఎట్ల చెప్తయి" అన్నడు. చానమంది గట్లనే అనుకుంటరు మామా, నువ్వు కూడ అనుకుంటవ్ కావచ్చు. శాటిలైట్ చెప్పేది మనం ఎక్కడున్నమో అంతే. ముందట బండ్లు ఆగినయా లేదా అనేది పైనుంచి ఎవ్వరు చూస్తలేరు. గూగుల్ మ్యాప్‌ల ఆ పచ్చ, నారింజ, ఎరుపు రంగులు ఎక్కువ శాతం రోడ్డు మీద ఉన్న ఫోన్ల నుంచే వస్తయి, పేరు ఊరు లేకుండ, ఏ ఫోన్ ఎంత స్పీడుల కదులుతుందనే లెక్క. వంద ఫోన్లు ఒక్క తాన నడక స్పీడుకు పడిపోతే అక్కడ ఎర్రబడ్తది. 2020ల బెర్లిన్‌ల ఒక ఆర్టిస్టు 99 ఫోన్లు చిన్న తోపుడు బండిల ఏసుకోని ఖాళీ రోడ్డు మీద నడిచిండు, మ్యాప్‌ల ఆ రోడ్డు ఎర్రగైంది! అంటే మన ముందట ఇరుక్కున్నోళ్ళ జేబులల్ల ఫోన్లే మనకు కబురు పంపుతున్నయన్నట్టు.

మరి కారు సంగతేంది అంటవా. కారుల మ్యాప్ లోపల్నే దాచిపెట్టి ఉంటది, దారి చూపెట్టనికె ఇంటర్నెట్ అక్కర లేదు. కాని ట్రాఫిక్ రావాలంటే బయటి నుంచి కబురు రావాలె, దానికి కారుల సిమ్మన్న ఉండాలె, ఫోన్ హాట్‌స్పాటన్న ఇవ్వాలె. బావ కారుల సిమ్ ఉంది. కొన్నప్పుడు కొన్నేండ్లు ఫ్రీ ఇచ్చిన్రు, ఆ గడువు అయిపోయింది, పైసలు కట్టి మల్ల ఎక్కించుకోవాలెనని బావకు యాదికి లేదు. అయిపోతే అయిపాయె, ట్రాఫిక్ వస్తలేదు అని స్క్రీన్ మీద పెద్దగ రాయొచ్చు కద? ఎక్కడ్నో మూలకు చిన్న గుర్తు, దానికి అడ్డంగీత, గింజంత. నాకు మస్తు కోపమొచ్చింది మామా, ఇప్పుడు రాస్తుంటే కూడ వస్తుంది. రోడ్డు ఖాళీ ఉంటే ఎట్ల కనబడ్తదో, కబురే రాకపోయినా అట్లనే కనబడితే మనిషి ఏమనుకోవాలె?

సరే, చిట్యాల దాక ఎట్లనో పాకినం. చెల్లె ఫోన్ చెప్పినట్టు హైవే ఇడిసిపెట్టి కుడి చేతికి భువనగిరి రోడ్డు పట్టినం, రామన్నపేట, వలిగొండ మీదుగ. చుట్టే, కాని కదులుతున్నం. మా లెక్కనే ఫోన్ చూసుకోని మళ్ళినోళ్ళు చానమంది, చిన్న రోడ్డు మీద కార్ల వరస. మూసీ నీళ్ళ కింద యాసంగి నాట్లు పడుతున్నయి, దమ్ము చేసే ఇనుప చక్రాల (కేజ్ వీల్స్) ట్రాక్టర్లు ఎక్కి దిగిన తాన రోడ్డంత బురద పెళ్ళలు. అదంత ఏ మ్యాప్‌ల ఉంటది చెప్పు.

వలిగొండకు ఇంక జర దూరం ఉందనంగ కల్వర్టు పని, అడ్డం మట్టి పోసిన్రు. పక్క ఊరి లోపల నుంచి పొమ్మని ఒక పిలగాడు చెయ్యి ఊపుతుండు. ఊర్లకు దిగినమో లేదో ఫోన్ల డేటా పోయింది. మ్యాప్ అంత బూడిద రంగు గడులు, నడుమ మన నీలం చుక్క ఒక్కటే, ఎటు పోవాలెనో లేదు. నా ఫోన్ అంతే, బావ ఫోన్ అంతే. మూడు బాటలు కలిసిన తాన ఆగినం, ఎనుక కార్లు హారన్లు. అప్పుడు బావ ఏం మాట్లాడకుండ స్క్రీన్ జరిపి దగ్గరికి చేసిండు. ఆ ఊరి గల్లీలు, చెరువు కట్ట, కట్ట దాటినంక మెయిన్ రోడ్డు, అన్నీ ఉన్నయి మామా! బాణం గుర్తు మేము ఎటు తిరిగితే అటు కరెక్టుగ తిరుగుతుంది. కారు యాంటెన్నా పైకప్పు మీద ఉంటది, చాన కార్లల్ల చక్రం ఎంత తిరిగిందో కూడ లెక్క పట్టుకుంటది, అందుకే ఫ్లైఓవర్ కింద ఉన్నా, సొరంగంల ఉన్నా అంత జల్ది తప్పదు. ఆరు నిమిషాలల్ల మెయిన్ రోడ్డు ఎక్కినం. బావ మొఖం చూడాలె నువ్వు. నేను "బావా, ఇది నీ కారు పుణ్యమే" అన్న, మనస్ఫూర్తిగ అన్న.

భువనగిరి, బీబీనగర్ ఎయిమ్స్, ఘట్‌కేసర్ల ఔటర్ ఎక్కేసరికి 6:10. ఏడు కొట్టంగ ఎయిర్‌పోర్ట్ ముందట ఉన్నం. చెల్లె సకినాల డబ్బా హ్యాండ్ బ్యాగుల కుక్కుకుంది, రెండు చీరలు తీసి అమ్మకిచ్చి మరి పెట్టుకుంది. లోపలికి పోయేటప్పుడు ఎనుకకు చూడలే. చూస్తే ఏడుస్తదని చూడలే.

నీ సంగతి. జడ్చర్ల మీదుగ శంషాబాద్ పోవుడు వచ్చుడే అయితే ఫోన్ సాలు, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న మోడల్ చూడు, ఫోన్ మ్యాపే కారు స్క్రీన్ మీదికొస్తది. కాని నువ్వు అమాసకమాసకు శ్రీశైలం పోతవ్. మన్ననూరు దాటితే అడవిల సిగ్నల్ దొరుకుడు కష్టం, రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక గేటు కూడ మూస్తరు, ఆ బాటకు లోపల దాచిన మ్యాప్ అక్కరకొస్తది. ఫోన్ల కూడ ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఇంటర్నెట్ లేకుంటే దాంట్ల ట్రాఫిక్ రంగులు మాత్రం రావు. ఒక్క న్యావిగేషన్ కోసమని పై మోడల్‌కు పైసలు పెట్టకు. పెడితే మాత్రం షోరూమాయనను గట్టిగ అడుగు, ట్రాఫిక్ ఎన్నేండ్లు ఫ్రీ, తర్వాత ఏడాదికి ఎంత, మ్యాప్ కొత్తది ఎవరు ఎక్కిస్తరు, కాయితం మీద రాసియ్యమను. ఇంకొకటి, ఊర్ల రోడ్లకు ఫోన్ మ్యాప్‌ల కూడ రంగు లేకుంటే ఖాళీ ఉన్నదని కాదు, ఆ బాట మీద సరిపోను ఫోన్లు తిరుగుతలేవని.

ఫ్లైటు లేచినంక మేము తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఒక మాట అడిగింది, "చెల్లె ఇప్పుడు ఏ ఊరి మీద ఉన్నదో ఇండ్ల కనబడ్తదా" అని, కారు స్క్రీన్ మీద చెయ్యి పెట్టి. నాకు గొంతు పట్టుకుంది మామా. బావ బండి పక్కకు ఆపి ఫోన్ల ఆ విమానం బొమ్మ కదిలేది తెరిచి అమ్మ చేతికిచ్చిండు, నార్కట్‌పల్లి వచ్చేదాక అమ్మ దాన్నే...

బావ వచ్చిండు, కింద హారన్ కొడుతుండు, మిర్యాలగూడ పోయేది ఉంది. మిగిలింది ఫోన్ల చెప్త. కారు ఏది బుక్ చేసినవో రాయి, వదినెను అడిగినట్టు చెప్పు.

నీ మామ
నల్లగొండ