కమిషనర్ గారూ, హెల్త్ క్యాంపు పదకొండింటికి పెడితే ఎవరొస్తారండీ?

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

ఈమధ్య మా వార్డు కమ్యూనిటీ హాల్లో ఆరోగ్యం, భద్రత పేరుతో ఒక రోజు కార్యక్రమం పెట్టించారు, సంతోషం. ఇలాంటివి ఇంకా పెట్టమనే ఈ ఉత్తరం. కాకపోతే ముందుగా మా బస్తీవాళ్లను ఒక్క మాట అడగాల్సింది.

పనిరోజు, పొద్దున పదకొండు గంటలు. ఆ టైమ్‌కి అడ్డా కూలీలు, ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు, ఆటోవాళ్లు బస్తీలో ఎక్కడుంటారు? వచ్చిందంతా పెద్దవాళ్లే, వాళ్లు కూడా టిఫిన్ తిని, టీ తాగి, ఎండలో నడిచొచ్చి లైన్లో నిలబడితే నిలబడినట్టే బీపీ చూసి పంపేశారు. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలైనా వీపు ఆనించి కూర్చోవాలనీ, అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ ఉండకూడదనీ నర్సమ్మలకు తెలియక కాదు, కుర్చీలన్నీ తీసుకెళ్లి స్టేజి ముందు వేస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు! షుగర్ సంగతీ అంతే. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరేమోనని మళ్లీ పరీక్ష చేయిస్తారు, తిన్నాక చూసిన నంబరుకు ఆ లెక్క పనికిరాదు. మరి చీటీల మీద నంబరు తప్ప తినకముందా, తిన్నాకా అన్నది లేదు. అది పట్టుకుని కొందరు టెన్షన్ పడుతున్నారు, కొందరు చింపి పారేశారు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టించండి సార్. ముందు షుగర్ పరీక్ష, తర్వాత అక్కడే ఇంత ఉప్మా, వండే బాధ్యత మా మహిళా సంఘాలది. తేడా ఉన్నవాళ్ల పేర్లు అదే రోజు మా వార్డు నర్సమ్మ (ఏఎన్‌ఎం) చేతికిచ్చి, ఫలానా రోజు బస్తీ దవాఖానాకు రమ్మని చీటీ మీదే రాయించండి. 2018లో మొదలైన కంటి వెలుగు జనానికి ఎందుకు గుర్తుండిపోయిందంటే, చూపు పరీక్ష చేసి వదిలేయకుండా చేతిలో కళ్లద్దాలు కూడా పెట్టారు కాబట్టి.

ఇక భద్రత. గంటకు పైగా ఉపన్యాసాలు, ఫోటోలు, శాలువాలు. గుండె ఆగిపోయినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ గురించి చెప్పారు గానీ ఒక్కరి చేతా చేయించలేదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతుకు ఛాతీ నొక్కడమంటే ఎంత బలం కావాలో బొమ్మ మీద నొక్కి చూస్తేనే అర్థమవుతుంది. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయడం కూడా అంతే, చేసి చూపించాలి.

దీనికి కొత్తగా ఖర్చు పెట్టక్కర్లేదు. 1944లో బొంబాయి రేవు పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, ఆ వారంలో ఒక సాయంత్రం వాళ్లను మా హాలుకు పంపండి చాలు. 2025 మేలో హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలంటుకుని 17 మంది చనిపోయారు, బయటికి రావడానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. మా సందుల్లో ఇళ్లూ అలాంటివే. అన్నట్టు, ఆ రోజు భద్రత మీద ఉపన్యాసం సాగుతున్నంతసేపూ హాలు వెనక తలుపుకు తాళం వేసే ఉంది, మంటలార్పే సిలిండర్ ముందు మైకు సెట్టు పెట్టారు. మీ కిందివాళ్లను అడగండి, ఫోటోల్లో కూడా కనిపిస్తుంది.

ఏడాదికి నాలుగు ఆదివారాలు ఈ పనికి హాలు మీరే బుక్ చేయించి పెట్టండి. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే మాకు ఒక్క పూట కూడా దొరకదు.

ఇట్లు,
మీ వార్డు నివాసి