అడ్డవాలు చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

కొత్త నడకదారి వేసినచోటల్లా మొదట్లో ఒక ర్యాంపు కట్టి, పక్కన వీల్‌చైర్ బొమ్మ గీసి పని అయిందనిపిస్తున్నారు. అసలు ఇబ్బంది ఆ ర్యాంపు ఎక్కాకే మొదలవుతుంది.

వాన నీళ్లు నిలవకుండా దారిని ఒక పక్కకు వాలుస్తారు. వాల్చాల్సిందే. కానీ ఆ అడ్డవాలు 1:50 (అంటే మీటరు వెడల్పుకు 20 మిల్లీమీటర్ల దిగుడు) దాటితే కుర్చీ పల్లం వైపే లాగుతుంది. తిన్నగా పోవాలంటే పల్లం వైపు చక్రాన్ని గట్టిగా తోస్తూ, రెండో చేత్తో మిట్ట వైపు చక్రాన్ని నిలవరిస్తూ ఉండాలి. కాస్త దూరం పోయేసరికి ఒక భుజం గుంజేస్తుంది. ఈ తప్పు పట్టుకోవడం తేలికే. మీటరు పొడవు రసమట్టాన్ని (స్పిరిట్ లెవెల్) దారికి అడ్డంగా పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా పల్లం కొస ఎత్తండి. ఆ కొస కింద సందు 20 మిల్లీమీటర్లు మించకూడదు. బిల్లు పాస్ చేసే ముందు ఈ కొలత చూసేవాళ్లు ఎందరు?

ఇక ర్యాంపు. 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. అంటే 450 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కడానికి 5.4 మీటర్ల పొడవు కావాలి. స్థలం లేదంటూ రెండు మీటర్లలో ముగిస్తే అది జారుడుబల్ల. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మలుపు దగ్గరా, ఎత్తు 750 మిల్లీమీటర్లు పెరిగినప్పుడల్లా, మీటరున్నర చదును వదలాలి. రెయిలింగ్ రెండు పక్కలా ఉండాలి, ఒక చెయ్యి మాత్రమే పనిచేసేవాళ్లూ ఉంటారు కదా.

కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. కాలువ మీది జాలీ కడ్డీలు నడిచే దిశలోనే బారుగా ఉంటే చక్రం సందులో దిగబడి కూర్చున్న మనిషి ముందుకు పడతాడు. కడ్డీలు దారికి అడ్డంగా, సందులు 12 మిల్లీమీటర్లలోపే ఉండాలి. ఇంటర్‌లాకింగ్ టైల్స్ ఏడాది తిరక్కుండానే ఎగుడుదిగుడవడానికి కారణం టైలు కాదు. కింది పొర సరిగా దిమ్మిస చేయకపోవడం, అంచున కాంక్రీటు కట్టు లేకపోవడం. 6 మిల్లీమీటర్లకు మించి నిలువుగా లేచిన అంచు కర్రతో నడిచేవాళ్లకూ ప్రమాదమే.

చివరగా, బైకులు రాకుండా పాతే స్తంభాలు. మధ్యన 900 మిల్లీమీటర్లయినా వదలకపోతే ఇంత చేసిందీ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ సందులో బైకులూ దూరతాయంటారు. దూరతాయి. వాటిని జరిమానాతో ఆపండి, కుర్చీని కాదు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు