నిద్ర తగ్గి హుషారు పెరిగితే అనుమానించాలి

సంపాదకులకు నమస్కారం.

డిప్రెషన్ గురించి పత్రికల్లో ఇప్పుడు తరచుగా రాస్తున్నారు. దిగులుతో మంచం పట్టిన మనిషిని డాక్టరుకు చూపించాలన్న తెలివిడి మన వైపు కూడా పెరుగుతోంది. కానీ బైపోలార్ జబ్బులో దిగులు ఒక భాగమే. రెండో భాగం హుషారుగా వస్తుంది. దాన్ని డాక్టర్లు మేనియా అంటారు. ఇంట్లోవాళ్లు మాత్రం మనిషి బాగుపడ్డాడని సంతోషిస్తారు. అందుకే ఈ రెండో భాగం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు చూడాల్సింది నిద్రను. నిద్ర పట్టక రాత్రంతా దొర్లినవాళ్లు పొద్దున నీరసంగా లేస్తారు. మేనియా మొదలవుతున్న మనిషి అట్లా కాదు. రెండు మూడు గంటలే పడుకుంటాడు, తెల్లవారుజామున మూడింటికే లేచి బీరువా అంతా సర్దుతాడు, పగలంతా అలసట లేకుండా తిరుగుతాడు. నాకింక నిద్రతో పనిలేదంటాడు. వరసగా మూడు నాలుగు రాత్రులు ఇట్లా గడిస్తే తక్కిన లక్షణాల కోసం ఎదురుచూడకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి. నిద్ర తగ్గడం జబ్బుకు గుర్తు మాత్రమే కాదు, జబ్బును రేపే కారణం కూడా. ఇదివరకే జబ్బు ఉన్నవాళ్లకు శివరాత్రి జాగారం, వరస నైట్ డ్యూటీలు, పరీక్షల ముందు రాత్రి చదువులు మంచివి కావు.

ఆ తర్వాత మాట. ఆగకుండా మాట్లాడతారు, అడ్డుపడితే కోప్పడతారు, ఒక సంగతి ముగియకుండానే ఇంకో సంగతిలోకి దూకుతారు. తర్వాత డబ్బు. ఫోన్లో లోన్ యాప్‌లు, ఉన్నట్టుండి స్థలానికి అడ్వాన్సు, బంగారం తాకట్టు పెట్టి కొత్త వ్యాపారం, ముక్కూమొహం తెలియనివాళ్లకు దానాలు. సిగ్గరి మనిషి కొత్తవాళ్లతో అతిగా చనువు చేయడం, బండి వేగంగా నడపడం, తాగుడు పెరగడం కూడా ఉంటాయి. అందరూ ఆనందంగానే ఉంటారనుకోకండి. చాలామందిలో చిరాకు, తగాదాలే ముందు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు.

పుట్టుకతో గలగలా మాట్లాడే మనిషి తీరు జబ్బు కాదు. ఆ మనిషి మామూలు తీరుతో పోలిస్తే మార్పు వచ్చిందా లేదా అన్నదే కొలత. ఆ మార్పు వారం రోజులు ఉన్నా, వారం కాకముందే ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైనా అది మేనియా. తీవ్రత తక్కువగా ఉండి కనీసం నాలుగు రోజులు సాగితే హైపోమేనియా. హైపోమేనియాలో మనిషి పని బాగా చేస్తున్నట్టే ఉంటాడు కాబట్టి దాన్ని పట్టుకోవడం మరీ కష్టం.

తిరుపతి లాంటి ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. స్వామి నాతో మాట్లాడాడు, లోకాన్ని మార్చే పని నాకు అప్పగించాడు అని ఎవరైనా అంటే భక్తి అనుకుని ఊరుకుంటాం. గంగజాతరలో వచ్చే పూనకం వేరు. అది ఆ సందర్భానికి వస్తుంది, కాసేపట్లో దిగిపోతుంది, మనిషి మళ్లీ తన పనిలో పడతాడు. మేనియా ఇంటికొచ్చాక కూడా దిగదు. రోజులు గడిచేకొద్దీ నిద్ర ఇంకా తగ్గి మాటలు ఇంకా పెద్దవవుతాయి. తాయెత్తు కట్టించాలనుకుంటే కట్టించండి, కానీ ఆ కారణంగా డాక్టరు దగ్గరికి వెళ్లడం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

ఈ జబ్బు ఎక్కువగా 15 నుంచి 25 ఏళ్ల మధ్య, చాలామందిలో దిగులుతోనే మొదలవుతుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా తన్నుకొస్తుంది. కాబట్టి దిగులుకు వైద్యం చేయించుకునేటప్పుడు డాక్టరు అడగకపోయినా ఈ సంగతులు చెప్పండి: ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండానే హుషారుగా ఉన్న రోజులున్నాయా, అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఈ జబ్బు ఉందా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా. రోగికి ఆ హుషారు రోజులు జబ్బుగా గుర్తుండవు. ఇంట్లో ఒకరు తప్పకుండా వెంట వెళ్లాలి. 50 ఏళ్లు దాటాక మొదటిసారి మేనియా వస్తే థైరాయిడ్, మెదడు జబ్బుల పరీక్షలు కూడా అవసరం.

బాలింతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర రాకపోవడం, తికమకగా మాట్లాడటం, బిడ్డ గురించి వింత అనుమానాలు పెట్టుకోవడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకూడదు.

ఈ జబ్బును అదుపులో ఉంచే మందుల్లో లిథియం పాతదీ, మంచిదీ. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో దాని ఫలితాన్ని లోకానికి చెప్పాడు. అయితే మన ఎండలకు దాన్ని జాగ్రత్తగా వాడాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. విరేచనాలైనా, ఉపవాసాలు చేసినా, ఒక్కసారిగా ఉప్పు మానేసినా అంతే. అలిపిరి మెట్లు ఎక్కాలనుకుంటే చల్లని పూట ఎక్కండి, దారిపొడవునా నీళ్లు తాగండి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని మింగకండి. అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ నయం. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట తడబడటం, నడక తూలడం మొదలైతే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తంలో లిథియం ఎంత ఉందో చూసే పరీక్ష చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు చేయించాలి. రిపోర్టులో ఆ అంకెను (mEq/L లెక్కలో) మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. ఆరు నెలలకొకసారి కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు మానకూడదు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్ రాసి ఉంటే గర్భం గురించి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది కడుపులో బిడ్డకు అవకరాలు తేవచ్చు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు వస్తే తప్ప ఏ మాత్రనూ సొంతంగా ఆపకండి.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తోంది. పెళ్లంటే వారం రోజులు నిద్ర ఉండదు, చుట్టాల ముందు మాత్రలు దాచిపెట్టాల్సి వస్తుంది. జబ్బు తిరగబెట్టడానికి ఆ రెండూ చాలు.

హుషారు పెరిగిన రోజుల్లో మనిషితో వాదించకండి. బండి తాళాలు, ఏటీఎం కార్డు తీసి దాచండి. ఫోన్ చెల్లింపుల పరిమితి తగ్గించండి. సాయంత్రం తర్వాత కాఫీ, టీలు ఇవ్వకండి. పెందలాడే దీపాలార్పి పడుకోబెట్టండి. నోటుబుక్కులో రోజూ నిద్ర గంటలు, మనసు తీరు, ఖర్చు, మాత్ర వేసుకున్నదీ లేనిదీ రాయండి. డాక్టరుకు ఆ పుస్తకం చాలా పనికొస్తుంది. దిగులూ, నిలవలేని ఉరుకూ ఒకేసారి కనిపిస్తే మాత్రం మనిషిని ఒంటరిగా వదలకండి. ఆత్మహత్య ప్రమాదం అప్పుడే ఎక్కువ. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోన్ చేయండి. సలహా కావాలంటే 24 గంటలూ ఉచితంగా పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

మందుల షాపుల వారికి ఒక విన్నపం. పాత చీటీ చూసి డిప్రెషన్ మాత్రలు మళ్లీ మళ్లీ ఇవ్వకండి. లిథియం వాడుతున్న మనిషి నొప్పి మాత్ర అడిగితే డాక్టరును అడిగి రమ్మనండి. వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు మరొకటి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని ఏరియా ఆసుపత్రుల్లో కూడా లిథియం రక్తపరీక్ష ఉచితంగా చేసే ఏర్పాటు, కనీసం వారానికొక రోజు, ఈ వేసవి రాకముందే చేయాలి.

— మానసిక వైద్య విభాగపు నర్సు, తిరుపతి